సైకిల్ ఫ్రేముకు జిగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్టీలు గొట్టాలతో సైకిల్ ఫ్రేము కట్టడం గురించి గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. గొట్టాలను అతికేదాకా వాటి వాటి చోట్ల కదలకుండా పట్టి ఉంచే చట్రం, అంటే జిగ్, ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి అన్నదే ఆ ప్రశ్నల సారాంశం. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపివేశాను.

ప్రశ్న: ఆటోనగర్లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. లారీ బాడీ పనులు చేస్తాము. టిగ్ వెల్డింగ్ మెషీను, లేత్ సొంతంగా ఉన్నాయి. 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తిచేసే దూరపు సవారీలు) తొక్కే మిత్రులు కొందరు స్టీలు టూరింగ్ ఫ్రేములు చేసిపెట్టమని అడుగుతున్నారు. ఏడాదికి పది, పన్నెండుకు మించవు. విదేశీ జిగ్ తెప్పించుకోవాలా, ఇక్కడే చేసుకోవాలా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ పరిస్థితిలో ఇక్కడే చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పేరున్న అమెరికా, ఇటలీ జిగ్‌లు వేల డాలర్ల ధర పలుకుతాయి. రవాణా, దిగుమతి సుంకం దాని మీద అదనం. అంత డబ్బు పెట్టి మీరు కొనేది ప్రధానంగా సమయాన్ని. ఒక సైజు ఫ్రేము నుంచి మరో సైజుకు పది నిమిషాలలో మార్చుకునే స్కేళ్లు, లాకులు వాటికి ఉంటాయి. రోజుకు రెండు ఫ్రేములు దింపే షాపుకు అది లాభమే. నెలకు ఒక్క ఫ్రేము చేసేవారికి పది నిమిషాలైనా, ఒక పూటైనా పెద్ద తేడా లేదు.

అయితే ఏం చేసుకోవాలో నిర్ణయించే ముందు, ఫ్రేములో దొర్లే తప్పులు రెండు రకాలని గుర్తించాలి. మొదటి రకం, ఫ్రేము బొమ్మను పక్క నుంచి కాగితం మీద గీస్తే ఆ కాగితంలోనే ఇమిడిపోయే తప్పు. హెడ్ ట్యూబు (ఫోర్కు, హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) 72 డిగ్రీలకు బదులు 72.2 డిగ్రీలు రావడం, చైన్ స్టే (పెడళ్ల ఇరుసు దగ్గరి నుంచి వెనక చక్రం ఇరుసుకు పోయే గొట్టం) 445 మి.మీ.కు బదులు 446 రావడం ఇటువంటివి. రెండో రకం, కాగితంలోంచి పైకి లేచే తప్పు. సీటు ట్యూబు నిలువుగా ఉండగా హెడ్ ట్యూబు కొంచెం కుడికి ఒరగడం, వెనక చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్లలో ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కు ఉండడం ఈ కోవకు చెందుతాయి. పనివాళ్లు దీన్నే మెలి అంటారు.

మొదటి రకం తప్పును తొక్కేవాడు గుర్తుపట్టలేడు. లెక్క వేసి చూడండి. 700 బై 32 టైరు వేస్తే చక్రం వ్యాసార్థం, రిమ్ముది 311 కు టైరు ఎత్తు 32 కలిపి, సుమారు 343 మి.మీ. అవుతుంది. ఫోర్కు ముందుకు చాచిన కొలత 50 మి.మీ., హెడ్ కోణం 72 డిగ్రీలు అనుకుంటే, టైరు నేలను తాకే బిందువు హ్యాండిల్ తిరిగే గీతకు 58.9 మి.మీ. వెనక ఉంటుంది. ట్రెయిల్ అనేది ఈ దూరాన్నే. కోణం 72.2 కు మారితే ఆ దూరం 57.6 మి.మీ. అవుతుంది. 1.3 మి.మీ. తేడాను చేతులు పట్టుకోలేవు. రెండో రకం తప్పు అలా ఊరుకోదు. 135 మి.మీ. వెడల్పున్న వెనక భాగంలో ఒక డ్రాపౌట్ రెండోదానికంటే 1 మి.మీ. ముందుకు ఉంటే, చక్రం ముందు అంచు దాదాపు 2.5 మి.మీ. పక్కకు జరుగుతుంది, చైన్ స్టేల మధ్య టైరు ఒక వైపుకు ఒరిగి కనిపిస్తుంది, చేతులు వదిలితే సైకిల్ దారి తప్పుతుంది. కాబట్టి మీ డబ్బు, మీ శ్రద్ధ అంతా జిగ్‌లోని అన్ని పట్లనూ ఒకే సమతలంలో నిలబెట్టే పనికి పోవాలి. కోణాలు, పొడవులు చూపే అందమైన స్కేళ్లు లేకపోయినా నష్టం లేదు.

ఇక కట్టడం. జిగ్‌కు ఒక వెన్నుబద్ద, దాని మీద నాలుగు స్తంభాలు చాలు: పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ షెల్‌కు ఒకటి, సీటు ట్యూబుకు ఒకటి, హెడ్ ట్యూబుకు ఒకటి, వెనక చక్రం బదులు డమ్మీ ఇరుసుకు ఒకటి. వెన్నుబద్దకు గాడులున్న అల్యూమినియం ప్రొఫైలు వాడవచ్చు, అది తేలిక, బిగింపు సులువు. మీ చోట మాత్రం నేను ముందుగా వెతికేది తుక్కు దుకాణాలలో పాత లేత్ బెడ్డును. పోత ఇనుము ఏళ్ల తరబడి వాడకంలో నిలకడ పట్టి ఉంటుంది, పై ముఖం మెషీను మీద సాపు చేసి ఉంటుంది, బరువుకు కదలదు. మధ్యలో అరిగి ఉంటే ఒకసారి సర్ఫేస్ గ్రైండింగుకు ఇవ్వండి. బజారులో దొరికే చదరపు పైపును మాత్రం ఉన్నదున్నట్టు వాడవద్దు. కంటికి నిటారుగా కనిపించే పైపు మీటరు పొడవున 1 మి.మీ. వంగి ఉండడం మామూలే.

స్తంభాల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను: నాలుగింటినీ ఒకే రోజు, ఒకే మనిషి చేత, ఒకే సెట్టింగులో తీయించండి. వెన్నుబద్ద ముఖం నుంచి ఫ్రేము మధ్యతలం 100 మి.మీ. ఎత్తున ఉండాలని అనుకుందాం. 68 మి.మీ. షెల్‌లో సగం 34 కాబట్టి, షెల్ ముఖం ఆనే మెట్టు 66 మి.మీ. వద్ద రావాలి. 135 లో సగం 67.5 కాబట్టి, దగ్గరి డ్రాపౌట్ లోపలి ముఖం 32.5 మి.మీ. వద్ద ఆగాలి. హెడ్ ట్యూబు, సీటు ట్యూబు స్తంభాలలో అడ్డరంధ్రం కేంద్రం సరిగ్గా 100 వద్ద పడాలి. అసలు కొలత 100 కాక 100.3 వచ్చినా ఇబ్బంది లేదు. నాలుగూ అదే 100.3 రావాలి, షెల్, డ్రాపౌట్ల మెట్లు కూడా అంతే ఎత్తున జరగాలి.

ఇది నా సొంత అనుభవం నేర్పిన జాగ్రత్త. నా మొదటి జిగ్‌కు డమ్మీ ఇరుసు మీద తొడిగే రెండు బుష్‌లను ఒక లేత్ షాపులో చేయించాను. రెండూ 65 మి.మీ. ఉండాలి, అప్పుడు నేను చేసేవి 130 వెడల్పు ఫ్రేములు. మొత్తం పొడవు 130 ఉందో లేదో వెర్నియర్‌తో చూసుకుని తృప్తి పడ్డాను. మూడు ఫ్రేములు అయిన తరువాత, మూడింటిలోనూ వెనక చక్రం ఒకే వైపుకు ఒకే మేర జరిగి ఉందని గమనించి బుష్‌లను విడివిడిగా కొలిస్తే, ఒకటి 64.2, ఇంకొకటి 65.8. మొత్తం మాత్రం కచ్చితంగా 130. చేసినవాడిని అనడానికి లేదు. నేను చీటీ మీద రాసిచ్చింది మొత్తం పొడవే.

జిగ్ కట్టిన తరువాత దాన్ని పరీక్షించడానికి హైడ్రాలిక్ సిలిండర్లకు వాడే హార్డ్ క్రోమ్ రాడ్డు ఒకటి, 25 మి.మీ. వ్యాసంది, సంపాదించండి. మీ వీధిలోనే దొరుకుతుంది. దానిని హెడ్ ట్యూబు పట్టులో బిగించి, వెన్నుబద్ద ముఖం మీద జరిగే డయల్ గేజితో రాడ్డు రెండు చివరలను కొలవండి. ఆ తరువాత రాడ్డును దాని ఇరుసు మీదే సగం తిప్పి మళ్లీ కొలవండి. రాడ్డులోనే వంపు ఉంటే, రెండు కొలతల సగటు తీసేసరికి అది కొట్టుకుపోతుంది. ఇంకా తేడా మిగిలితే అది జిగ్‌దే. సీటు ట్యూబు పట్టుకూ ఇలాగే చేయండి. 300 మి.మీ. పొడవున 0.1 మి.మీ. లోపు వస్తే అంతకు మించి సాగదీయనక్కర లేదు.

కొలతలు పెట్టేటప్పుడు షెల్ కేంద్రాన్ని సున్నాగా తీసుకోండి. వెనక ఇరుసు షెల్ కంటే 72 మి.మీ. ఎత్తున, చైన్ స్టే 445 మి.మీ. అయితే, అడ్డంగా ఆ రెండింటి మధ్య దూరం 439.1 మి.మీ. రావాలి. ఈ కొలతలతో షెల్ కేంద్రం నేల నుంచి 271 మి.మీ. ఎత్తున ఉంటుంది. 170 మి.మీ. క్రాంకు వేస్తే పెడల్ ఇరుసు కిందికి వచ్చినప్పుడు నేలకు 101 మి.మీ. ఎడం మిగులుతుంది. హెడ్ కోణానికి డిజిటల్ యాంగిల్ గేజి మీద పూర్తిగా ఆధారపడవద్దు. చౌకరకం గేజి 0.2 డిగ్రీలు అటూ ఇటూ చూపుతుంది. హెడ్ పట్టులోని రాడ్డు మీద 400 మి.మీ. ఎడంగా రెండు గీతలు పెట్టి, వాటి ఎత్తులలో తేడా 380.4, అడ్డంగా తేడా 123.6 వచ్చేలా జరిపితే 72 డిగ్రీలు కుదిరినట్టే. అర మిల్లీమీటరు వరకు చూడగలిగిన స్కేలుతో కూడా ఈ పద్ధతిలో కోణం డిగ్రీలో పదో వంతు లోపల కుదురుతుంది.

ఇంకొకటి. స్తంభాలు లావుగా, దిట్టంగా ఉండాలన్న ఉత్సాహంలో అతుకు చుట్టూ చోటు లేకుండా చేసుకునేవారిని చూశాను. షెల్ చుట్టూ టార్చి పట్టిన చెయ్యి తిరిగే చోటు వదలండి.

ప్రశ్న: సొంతంగా చేసుకున్న జిగ్‌లో రెండు ఫ్రేములు బ్రేజింగ్ చేశాను (ఇత్తడి లేదా వెండి కడ్డీ కరిగించి అతికాను). రెండూ చేతులు వదిలితే ఎడమకు లాగుతున్నాయి. జిగ్‌లో కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడ ఉండవచ్చు? (ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: రెండూ ఒకే వైపుకు లాగుతున్నాయన్నది మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం. వేడి వల్ల వచ్చే వంకర సాధారణంగా ఒక ఫ్రేముకు ఒకలా, ఇంకో ఫ్రేముకు ఇంకోలా వస్తుంది. రెండూ ఒకే వైపు అంటే అనుమానం జిగ్ మీదికి, లేదా మీరు ప్రతిసారీ ఒకే వరసలో వేడి పెట్టే అలవాటు మీదికి పోతుంది. ఏదేమైనా, ముందు ఫ్రేములను నిందించకుండా చక్రాలను చూడండి. చక్రాన్ని విప్పి, ఇరుసు అటుది ఇటు, ఇటుది అటు వచ్చేలా తిప్పి బిగించండి. ఒరుగు కూడా చక్రంతోపాటు రెండో వైపుకు మారితే, రిమ్ము హబ్బుకు మధ్యలో లేదన్న మాట. బెండు తీసేవాడు దానిని సరిచేస్తాడు. ఒరుగు మారకుండా అదే వైపు ఉండిపోతే అది ఫ్రేముదే.

అప్పుడు దారం తీసుకోండి. గాలిపటాలకు వాడే దారమైనా సరే, సాగనిది కావాలి. ఎడమ డ్రాపౌట్‌కు ఒక కొస కట్టి, దానిని ముందుకు తెచ్చి హెడ్ ట్యూబు ముందు నుంచి చుట్టి, కుడి డ్రాపౌట్‌కు అదే ఎత్తున బిగుతుగా కట్టండి. దారం ఇప్పుడు సీటు ట్యూబుకు రెండు పక్కలా పోతుంది. స్టీలు స్కేలును సీటు ట్యూబుకు ఆనించి దారం వరకు ఉన్న ఎడం కొలవండి. దారాన్ని స్కేలు నెట్టకూడదు, కన్ను స్కేలుకు సూటిగా ఉండాలి, ఊపిరి బిగపట్టడం కూడా మంచిదే. ఎడమ 38, కుడి 38.5 వస్తే వెనక భాగం బాగానే ఉంది. తేడా 1 మి.మీ. దాటితే వెనక త్రికోణం పక్కకు పోయింది. ఎడం ఎక్కువ ఉన్న వైపుకే అది పోయినట్టు.

దారం పరీక్షకు ఒక లోపం ఉంది. అది హెడ్ ట్యూబు మెలిని పట్టుకోదు. దానికోసం హెడ్ ట్యూబులో బిగుతుగా పట్టే నిటారు రాడ్డును దూర్చి, సీటు ట్యూబుకు ఇంకో రాడ్డును ఆనించి కట్టి, ఫ్రేము ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి ఒంటికన్నుతో చూడండి. రెండు రాడ్డుల అంచులు పైనుంచి కిందిదాకా ఒకదానివెంట ఒకటి సాగాలి. పైన కలిసి కింద విడిపోతే మెలి ఉన్నట్టే. లెవెల్ చూసే తాపీ మేస్త్రీకి ఈ చూపు బాగా అలవాటు, ఎవరైనా తెలిసినవారు ఉంటే ఒకసారి పిలిచి చూపించండి. 600 మి.మీ. పొడవున 1 మి.మీ. విడిపోవడం అంటే డిగ్రీలో పదో వంతు, అది కూడా కంటికి దొరుకుతుంది.

తప్పు వెనక భాగంలో తేలితే, మీ డమ్మీ ఇరుసు బుష్‌లను విడివిడిగా కొలవండి. నా కథ పైన చదివారు కదా. హెడ్ ట్యూబులో తేలితే క్రోమ్ రాడ్డు పరీక్ష చేయండి. రెండూ సరిగ్గా ఉంటే మీరు వేడి పెట్టే వరస మార్చాలి, దాని సంగతి కింది జవాబులో ఉంది. ఇప్పటికే అయిపోయిన ఫ్రేములు మామూలు స్టీలువి అయితే, రెండు, మూడు మి.మీ. వరకు చల్లగానే వంచి సరిచేయవచ్చు, సైకిల్ రిపేరు పనిలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అల్యూమినియం ఫ్రేముకు మాత్రం ఆ వైద్యం చేయకండి.

ప్రశ్న: అతుకులు అన్నీ జిగ్‌లోనే పూర్తిచేయాలా, ట్యాక్ (చుక్కల్లాంటి తాత్కాలిక అతుకు) వేసి బయటికి తీసి పూర్తిచేయాలా? (ఇద్దరు పాఠకులు, పటమట, విజయవాడ, కొత్తపేట, గుంటూరు)

జవాబు: ట్యాక్ వేసి బయటికి తీయండి. జిగ్ బిగించి ఉంచినంత మాత్రాన ఇనుము వేడికి పెరగడం మానుకోదు. గొట్టంలో 100 మి.మీ. మేర 600 డిగ్రీలు అదనంగా వేడెక్కితే, ఆ ముక్క 0.7 మి.మీ. పొడవు పెరగాలని చూస్తుంది. రెండు చివరలూ కదలకుండా బిగిసి ఉంటే ఎర్రబారిన చోట లోహం తనలో తానే కుంచించుకుని, చల్లారాక పొట్టిగా మిగులుతుంది. ఆ బిగువంతా లోపల దాక్కుని, మీరు బోల్టులు వదలగానే ఫ్రేము టక్కున జరుగుతుంది. జిగ్‌లో ఉన్నంతసేపూ కొలత సరిగ్గానే ఉందని చెప్పేవారికి జరుగుతున్నది ఇదే.

అందువల్ల ప్రతి అతుకుకూ ఎదురెదురుగా నాలుగు ట్యాకులు వేసి, చల్లారనిచ్చి, ఫ్రేమును తీసి కొలవండి. సర్ఫేస్ ప్లేటు (కచ్చితంగా చదును చేసిన పలక) ఉన్నవారు షెల్ ముఖాన్ని ప్లేటు మీది స్తంభానికి బిగించి చూస్తే పని సులువు. 28.6 మి.మీ. సీటు ట్యూబు పక్క భాగం షెల్ ముఖం కంటే 19.7 మి.మీ. లోపల, 36 మి.మీ. హెడ్ ట్యూబు పక్క భాగం 16 మి.మీ. లోపల, పైకీ కిందికీ ఒకేలా ఉండాలి. ట్యాకుల దశలో తేడా కనిపిస్తే చేత్తోనే సరిచేసుకోవచ్చు, అతుకు నిండాక అది కుదరదు. పూర్తి చేసేటప్పుడు మొదట సీటు ట్యూబు, షెల్ అతుకును ముగించండి. దానిని కొలిచాకే మిగతావాటికి వెళ్లండి. టిగ్ అయితే ఒక వైపు పావు చుట్టు వేశాక ఎదుటి వైపు పావు చుట్టు వేయండి. ఎప్పుడూ కుడి వైపు నుంచే మొదలుపెట్టే అలవాటు ఉంటే, సీటు ట్యూబు ఎప్పుడూ కుడికే లాగబడుతుంది.

లగ్గులతో (గొట్టాల కొనలు దూర్చే తొడుగులు) వెండి కలిసిన పూతకడ్డీ వాడి బ్రేజింగ్ చేసేవారికి ఈ బాధ తక్కువ. 56 శాతం వెండి ఉన్న కడ్డీ సుమారు 650 డిగ్రీలకు పూర్తిగా కరిగిపోతుంది, ఇత్తడి కడ్డీకి దాదాపు 880 కావాలి. తక్కువ వేడికి తక్కువ వంకర. కాకపోతే వెండికి సందు సన్నగా ఉండాలి, 0.1 మి.మీ. దరిదాపుల్లో ఉంటేనే అది పాకుతుంది, కాబట్టి గొట్టం కొనలను ఆకురాయితో సరిగ్గా దిద్దకుండా వెండి కొనడం దండగ. కాడ్మియం కలిసిన వెండి కడ్డీలు చౌకగా దొరికితే తీసుకోకండి, దాని పొగ ప్రాణాంతకం. కాడ్మియం లేనిదని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. పని అయ్యాక జిగ్ మీద పడిన ఫ్లక్సును వేడినీళ్లతో తుడిచి, నూనె రాయండి. రాత్రికి రాత్రే తుప్పు తేలుతుంది.

ప్రశ్న: మేము ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒకే ఒక ఫ్రేము చేస్తున్నాము. జిగ్ లేకుండా కుదరదా? ఫర్నిచర్‌కు వాడే పైపు వాడవచ్చా? (విద్యార్థులు, గుంటూరు)

జవాబు: ఒక్క ఫ్రేముకు జిగ్ కడితే, ప్రాజెక్టు జిగ్ అవుతుంది, సైకిల్ కాదు. బ్రిటన్‌లో పాతకాలపు పనివాళ్లు చాలామంది లగ్గులలో గొట్టాలను దూర్చి, కొలిచి, అతుకుకు రంధ్రం వేసి చిన్న మేకు దిగ్గొట్టి నిలబెట్టేవారు, తరువాత కొలిమిలో పెట్టి ఇత్తడితో అతికేవారు. మీరూ లగ్గులే తీసుకోండి. లగ్గు కోణాన్ని దాదాపుగా అదే చూసుకుంటుంది, మీరు మెలిని చూసుకుంటే చాలు. మందపాటి ప్లైవుడ్ పలక మీద ఫ్రేము బొమ్మను నిజమైన సైజులో గీసి, గొట్టాల కింద ఒకే ఎత్తు ఆనుడు కట్టెలు పెట్టి, హెడ్ ట్యూబు, సీటు ట్యూబు, షెల్ మధ్యగీతలు పలకకు సమాన ఎత్తున ఉండేలా చూడండి. వెనక భాగానికి మీరు వాడబోయే అసలు చక్రమే జిగ్. దానిని ముందే బెండు తీయించి, డ్రాపౌట్లలో బిగించి, టైరు సీటు ట్యూబుకు మధ్యలో వచ్చేలా చూసుకుని ట్యాక్ వేయండి. ట్యాక్ వేసేటప్పుడు రబ్బరు తీసేయాలని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

వెనక వెడల్పును పుస్తకంలో చూసి నిర్ణయించవద్దు. పాత ఆరేడు గేర్ల రోడ్డు సైకిళ్లకు 126, తరువాత కొన్నేళ్లు వచ్చినవాటికి 130, అప్పటి మౌంటెన్ సైకిళ్లకు 135 అనేవి ప్రమాణాలే గాని, మన నల్ల సైకిళ్లకు తయారీదారును బట్టి మారుతుంది. హబ్బును చేతిలోకి తీసుకుని కొలవండి. ఆ సైకిల్ చక్రమే వాడదలిస్తే, 28 బై ఒకటిన్నర రిమ్ము టైరు కూర్చునే చోట 635 మి.మీ. ఉంటుంది, 700 రకం 622. రెండూ ఒకటే అనుకుని చైన్ స్టే కోస్తే టైరుకు చోటు చాలకపోవచ్చు.

ఫర్నిచర్ పైపు అభ్యాసానికి చాలు. తొక్కడానికి అతుకు లేని గొట్టం, కనీసం 4130 క్రోమోలీ, వాడమంటాను. జింకు పూత ఉన్న పైపును మాత్రం అభ్యాసానికి కూడా వేడి చేయకండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

ప్రశ్న: మే నెలలో మా షెడ్డులో వేడి విపరీతం. అల్యూమినియం జిగ్ వ్యాకోచించి కొలతలు తప్పవా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: అల్యూమినియం మీటరుకు ప్రతి డిగ్రీకి 0.023 మి.మీ., స్టీలు సుమారు 0.012 పెరుగుతాయి. ఉదయం 25, మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకున్నా, 600 మి.మీ. దూరంలో రెండింటి మధ్య తేడా 0.13 మి.మీ. అది కూడా పొడవులోనే, మెలిలో కాదు. నిశ్చింతగా వాడండి. రేకు సందులోంచి ఎండ వెన్నుబద్ద ఒక పక్క మీదే పడకుండా చూస్తే చాలు, ఒక పక్కే వేడెక్కిన బద్ద వంగుతుంది.

ప్రశ్న: సర్ఫేస్ ప్లేటు ఖరీదెక్కువ. వంటగట్టుకు వేసే గ్రానైట్ పలక దాని బదులు పనికొస్తుందా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మన చీమకుర్తి రాయి గట్టిదే, రాయిలో లోపం లేదు. వంటగట్టు పలకకు ఇచ్చేది మెరుపు, చదును కాదు. 18 మి.మీ. మందం పలకను నాలుగు మూలల మీద పెడితే మధ్యలో కుంగుతుంది కూడా. మంచి స్టీలు రూళ్లకర్రను అంచు మీద నిలిపి, వెనక నుంచి టార్చిలైటు వేసి నలుమూలలా, ఐమూలగా చూడండి. వెలుతురు ఎక్కడా రాకపోతే మీ అదృష్టం. అటువంటి పలక దొరికితే మూడు బిందువుల మీదే ఆనించండి, నాలుగో కాలు పెట్టకండి. సమాధులకు వాడే మందపాటి పలకల ముక్కలు ఇంతకంటే మేలు. ఈ మాట అంటే మా ఇంట్లో ఒప్పుకోలేదు గాని, నా ప్లేటు అదే.

ప్రశ్న: ఫ్రేము బాగా కుదిరింది. పెయింటు కూడా అయ్యాక బాటమ్ బ్రాకెట్ కప్పులు ఎక్కించబోతే కుడిది ఎక్కడం లేదు. మరలు చెడిపోయాయా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మరలు చెడలేదు, షెల్ తిరగబడింది. బ్రిటిష్ ప్రమాణం షెల్‌లో చైను ఉండే కుడి వైపు ఎడమచేతి మర, ఎడమ వైపు మామూలు మర ఉంటాయి. జిగ్‌లో షెల్ ఎటు పెట్టినా చక్కగా కూర్చుంటుంది కాబట్టి ఈ పొరపాటును జిగ్ ఆపలేదు. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా ఒకసారి చేసినవారే, నాతో సహా. ఫ్రేమును కోయనక్కర లేదు. షెల్ బయట బేరింగులు ఉండే రకం కప్పులు అయితే కుడిదాన్ని ఎడమ, ఎడమదాన్ని కుడి ఎక్కించండి, మరలు కలుస్తాయి. తొక్కేటప్పుడు అవి వదులయ్యే దిశలో ఉంటాయి. ఇటలీ ప్రమాణంలో కుడి వైపు ఎప్పుడూ మామూలు మరే, వారు దశాబ్దాలుగా గట్టిగా బిగించి నెట్టుకొస్తున్నారు. మీరు మరలకు లాక్ చేసే ద్రావణం రాసి, పూర్తి బలంతో బిగించి, మొదటి 100 కిలోమీటర్ల తరువాత ఒకసారి పానా వేసి చూడండి. తరువాతి షెల్ కొన్నప్పుడు, పొట్లం విప్పగానే ఎడమచేతి మర ఉన్న ముఖం మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టి, జిగ్‌లో చైను వైపు స్తంభం మీద కూడా అదే రంగు చుక్క పెట్టుకోండి.